జీరో పవర్ కళ్ళజోడు

సెప్టెంబరు 26, 2006

ఈ డైరీ నిరుటిది. నాన్న షాపుకి ఎవరో ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిపోయాడు. ఇంట్లో ఎవరూ ఇందులో ఒక్క ముక్క రాయలేదు. అచ్చేసిన వారాలు ఈ ఏడాదికి కలవవు. కలవకపోతే పోయాయి, తేదీ నేనే రాసుకుంటాను.

క్వార్టర్లీ పేపర్లు ఇచ్చారు. లెక్కల్లో ముప్పై ఒకటి. సార్ నా పేపరు క్లాసంతటికీ ఎత్తి చూపించారు. రఫ్ వర్కులో ఆన్సరు కరెక్టుగా వచ్చింది, దాన్ని పేపరులోకి ఎక్కించడం మర్చిపోయాను. ఇంకో లెక్క సగం దాకా శుభ్రంగా చేసి పక్క లెక్కలోకి దూకేశాను. ప్రశ్నపత్రానికి వెనక పేజీ ఉందని అసలు చూడనే లేదు. "తెలివుంది, శ్రద్ధ లేదు" అన్నారు సార్. ఈ మాట ఒకటో క్లాసు నుంచి వింటున్నాను. మా స్కూల్లో టీచర్లందరికీ కలిపి ఒకటే వాక్యం కొనిచ్చినట్టున్నారు, వంతులవారీగా వాడుకుంటారు.

నాకేం బాధ లేదు.

అక్టోబరు 1

నా మీద జరుగుతున్న వైద్యాలు రాసుకోవాలి, ఎప్పుడైనా నవ్వుకోవడానికి పనికొస్తాయి. నాయనమ్మ పొద్దున్నే సరస్వతీ లేహ్యం తినిపిస్తుంది. కాలిన బెల్లంలో బూట్ పాలిష్ కలిపితే అదే రుచి. అమ్మ నానబెట్టిన బాదం పప్పులు ఇస్తుంది, నానబెట్టడం తనకి గుర్తున్న రోజున. నాన్న నా టేబుల్‌ని గోడవైపు తిప్పించాడు, ఎదురుగా కిటికీ ఉంటే చదువు అందులోంచి ఎగిరిపోతుందట. ఇప్పుడు ఆ గోడ మీద ఏ పెచ్చు ఏ దేశం మ్యాపులా ఉందో నాకు కంఠతా వచ్చు. పదో క్లాసు పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న ఇస్తే స్టేట్ ఫస్ట్ నాదే.

మాట్లాడితే "లేజీ" అంటాడు నాన్న. చుట్టాలకి మాత్రం ఫోనులో "ఈసారి చాలా సీరియస్‌గా చదువుతోందండీ" అని చెబుతాడు. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు అమ్మే మనిషికి పైపూత ఎలా వెయ్యాలో ఇంకొకరు నేర్పక్కర్లేదు.

అక్టోబరు 8

అమ్మ మళ్ళీ పాలు మాడబెట్టింది. పొయ్యి మీద పాలు పెట్టి, డాబా మీద బట్టలు తియ్యడానికెళ్ళి, అక్కడే పిట్టగోడ మీద కూర్చుని మబ్బులు చూస్తోంది. నాయనమ్మ కింద నుంచి "ఇందిరా, ఉన్నావా?" అని అరిచేదాకా దిగలేదు. అమ్మకి బీరువా తాళాలు మూడు జతలున్నాయి, మూడూ ఒకేసారి కనపడిన రోజు లేదు. ఈవిడ నాకు శ్రద్ధ గురించి చెబుతుంది.

"నాకు చదువుకునే రాత లేదు, ఉప్పెనలో మా బడి పోయింది. నీకేం తక్కువ?" అంటుంది ఎప్పుడూ. దివిసీమ ఉప్పెన పేరెత్తితే ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. నాగాయలంక అవతల అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంటికొకరు పోయారంటారు. కానీ ఉప్పెన వచ్చినప్పుడు అమ్మ మూడో క్లాసు, చదువు ఆపింది పదో క్లాసులో. మూడో క్లాసులో బడి పోతే పదో క్లాసు ఎలా ఆగిందో నాకు లెక్క కుదరలేదు. లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చినదాన్ని, నాకెందుకు.

అక్టోబరు 25

రంజాన్ అని మా క్లాసు హీనా వాళ్ళింటికి వెళ్ళాను. సేమ్యా పాయసం రెండు గిన్నెలు తిన్నాను. హీనా వాళ్ళక్క ఖాతూన్ బెజవాడలో నర్సింగ్ చదువుతోంది, పండక్కి వచ్చింది. నేను నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, పిల్లితో ఆడుతూ పెరట్లో తేలాను. కుళాయి కట్టలేదు. బిందె నిండి వంటిల్లు చెరువైంది. వాళ్ళమ్మ పాపం పండగ పూట ఏమీ అనలేకపోయింది.

ఖాతూనక్క తుడుస్తూ నన్నే చూస్తోంది. తరవాత పక్కన కూర్చోబెట్టుకుని చాలా అడిగింది. చదువుతుంటే లైను లైనుకీ మొదటికి వస్తావా, ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోతావా, ఇష్టమైనదైతే గంటలు గంటలు కదలకుండా చేస్తావా అని. అన్నీ నిజమే. జాతకం చెబుతోందేమో అనుకున్నాను.

"దీనికి పేరుంది వర్షిణీ. ఏడీహెచ్‌డీ అంటారు. మగపిల్లలైతే గోడలెక్కుతారు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆడపిల్లలు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, ఎవరికీ పట్టదు. డాక్టరు చూసి తేల్చాలి, నేను చెప్తే చాలదు."

ఇంటికొచ్చేదాకా ఆ పేరు మర్చిపోతానేమోనని చేతి మీద రాసుకున్నాను.

అక్టోబరు 28

కోనేరు సెంటర్లో నెట్ సెంటర్‌కి వెళ్ళాం, నేనూ హీనా. పక్క కుర్చీలో ఒకడు క్రికెట్ చూస్తూ కేకలు. అయినా చదివాను, మొదటి నుంచి చివరిదాకా, లైను తప్పకుండా. ఎవరో మా ఇంటి కిటికీ దగ్గర నిలబడి నన్ను చూసి రాసినట్టుంది. సోమరితనం అని ఎక్కడా లేదు. ఆ ముక్క కోసం రెండుసార్లు వెతికాను.

చాలా సంతోషమేసింది. జబ్బు ఉందేమోనని ఇంత సంతోషపడేది బందరు మొత్తంలో నేనొక్కదాన్నే అయుంటాను.

అక్టోబరు 31

అమ్మకి చెప్పాను. బయట ఒకటే వాన. ఏ డాక్టరు అని అడిగింది. చెప్పాను. వీధి తలుపు వేసొచ్చింది, వాన చప్పుడులో ఎవరికి వినపడుతుందనో. "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నీ నోటితో నువ్వే అడుగుతున్నావా?" అంది.

నాన్న ఇంకా బాగా చెప్పాడు. సోమరితనానికి కూడా ఇంగ్లీషు పేరు పెట్టించుకొచ్చానట నేను. సైన్స్ మేడమ్‌ని అడిగితే అది అమెరికా పిల్లలకొచ్చే జబ్బు, మనవాళ్ళకి రాదన్నారు. వీసా దొరక్క ఆగిపోయింది కాబోలు.

నవంబరు 8

కరస్పాండెంట్ గారు నాన్నని పిలిపించాడు. మా స్కూలుకి ఏటా నూటికి నూరు శాతం రిజల్ట్. కోనేరు సెంటర్లో బ్యానరు కడతారు, పది ఫోటోలు, మధ్యలో కరస్పాండెంట్ గారి నవ్వు. నూటికి నూరు ఎలా వస్తుందో బయటివాళ్ళకి తెలీదు. తప్పుతారనుకున్నవాళ్ళని పరీక్ష ఫీజు కట్టే ముందే విడదీసి, ఇంకెక్కడి నుంచో ప్రైవేటుగా కట్టిస్తారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేసి, మా బియ్యంలో రాళ్ళే ఉండవండీ అని చెప్పుకుంటారు.

ఈసారి రాయి నేను.

హాఫ్ ఇయర్లీ చూసి తేలుస్తామన్నాడట. అసలు ఏదైనా కారణముంటే డాక్టరు దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నాడట. నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. నన్ను తిట్టనూ లేదు, తిడితే బాగుండేది. కూతురు ప్రైవేటుగా కట్టిందంటే చిలకలపూడి బజార్లో తలెత్తుకోలేడు. పిచ్చి డాక్టరు దగ్గరికి రహస్యంగా వెళ్ళి రావచ్చు, ప్రైవేటు మాత్రం రహస్యంగా ఉండదు. అందుకని వెళ్తున్నాం. నాయనమ్మకీ, వీధివాళ్ళకీ కళ్ళ డాక్టరు అని చెప్పాలి. నాయనమ్మకి తెలిస్తే రేడియోలో వచ్చినట్టే.

ప్రైవేటుగా కట్టను. ఏం చేసైనా సరే కట్టను. హీనా వాళ్ళందరూ ఒక గేట్లోంచి వెళ్తుంటే నేను ఇంకెక్కడికో ఒక్కదాన్నే వెళ్ళాలా.

నవంబరు 18

బెజవాడ వెళ్ళొచ్చాం. బస్సులో ఉయ్యూరు దాకా అమ్మ చెబుతూనే ఉంది, డాక్టరు గారు అడిగితే నిదానంగా నవ్వుతూ చెప్పమని, కాళ్ళు ఊపొద్దని. నాకు నూనె రాసి రెండు జడలు వేసింది. తనేమో పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టింది. ఎందుకో అక్కడికి వెళ్ళాక అర్థమైంది.

డాక్టరు గారు ఆడావిడ. వస్తువులు పారేసుకుంటుందా అని అమ్మని అడిగారు. "అబ్బే, ఏది ఎక్కడుందో దానికి చూడక్కర్లేకుండా తెలుసండీ" అంది అమ్మ. చెప్పిన పని మధ్యలో వదిలేస్తుందా అంటే, పట్టిందంటే వదలదంది. హోంవర్కుకి ఎవరైనా పక్కన కూర్చోవాలా అంటే, దానంతటదే చేసుకుంటుందంది. నాన్న అందుకుని, పూజ గది కూడా అదే సర్దుతుందండీ, ముగ్గులు చాలా బాగా వేస్తుందండీ అన్నాడు. పుట్టి బుద్ధెరిగి నేను పూజ గది సర్దలేదు. ఇంకాసేపుంటే పాట పాడమంటారేమోనని భయమేసింది. నన్ను వైద్యానికని తీసుకెళ్ళి పెళ్ళిచూపులు జరిపించుకొచ్చారు ఈ మహానుభావులు.

డాక్టరు గారు పెన్ను కింద పెట్టారు. "ఇంత మంచి అమ్మాయిని నా దగ్గరికి ఎందుకు తీసుకొచ్చారండీ?"

స్కూలువాళ్ళకి ఒక కాగితం కావాలని నాన్న నసిగాడు. అలా రాసివ్వడం కుదరదన్నారు ఆవిడ. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పాలి, తరవాత కొన్ని పరీక్షలు చేయాలి, అప్పుడే తేలుతుందన్నారు. వాళ్ళని బయట కూర్చోమని నన్నొక్కదాన్నీ అడిగారు. నేను చెప్పాను. చాలా చెప్పాను. మధ్యలో మీ గోడ గడియారం ఆగిపోయిందండీ అని కూడా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా. కానీ నీ ఒక్కదాని మాట మీద తేల్చలేను. నిజం చెప్పే పెద్దవాళ్ళని ఎవరినైనా తీసుకురా" అన్నారు.

నమ్ముతున్నాను అన్న మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

బందరు బస్టాండులో దిగుతూ అమ్మ టిఫిను క్యారేజీ సీటు కిందే వదిలేసింది. నేను చూశాను. చెప్పలేదు.

నవంబరు 20

మొన్న బస్టాండులో నేను ముందు నడిచిపోయాక ఎదురింటి రామలక్ష్మి గారు అమ్మకి కనపడి, కళ్ళకేమన్నారు అని అడిగిందట. అమ్మ తడబడి, సైటు వచ్చిందన్నారండీ అని చెప్పేసింది. సైటు వచ్చిన పిల్లకి కళ్ళజోడు లేకపోతే ఎలా? ఇవాళ నాన్న ఒక కళ్ళజోడు కొనుక్కొచ్చాడు. జీరో పవర్. ఫ్రేముకి బంగారు రంగు పూత, ఆయన బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదు.

కనపడని జబ్బుకి మందు అడిగితే, లేని జబ్బుకి కళ్ళజోడు కొనిచ్చారు. స్కూల్లో అందరూ బాగుందన్నారు. హీనా ఒక్కతే అద్దాల్లోంచి చూసి "ఇందులో ఏమీ లేదు కదే" అంది.

రామలక్ష్మి గారు పొన్నగంటి కూర పంపింది, కళ్ళకి మంచిదని. నాయనమ్మ రోజూ వండమంటోంది.

నవంబరు 27

కళ్ళజోడు పోయింది.

నవంబరు 28

దొరికింది, బాత్రూం కిటికీలో. మళ్ళీ పొన్నగంటి కూర. నాకేం బాధ లేదు.

డిసెంబరు 7

హాఫ్ ఇయర్లీ లెక్కల్లో ఇరవై ఎనిమిది. కళ్ళజోడు పెట్టుకుని మరీ తప్పాను.

పరీక్ష అప్లికేషన్లకి అందరి ఫోటోలూ తీశారు, నాదీ తీశారు. కళ్ళజోడు తీసేస్తానంటే, రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండాలన్నాడు ఫోటోగ్రాఫరు. ఫోటో తీసినంత మాత్రాన కట్టినట్టు కాదు, నీ సంగతి ఇంకా తేలలేదు అని క్లాస్ టీచర్ అందరి ముందూ చెప్పారు. ఫైన్‌తో కట్టే ఆఖరు గడువులోగా డాక్టరు కాగితం తేకపోతే ప్రైవేటే.

నిజం చెప్పే పెద్దవాళ్ళు. మా ఇంట్లో. ఎక్కడి నుంచి తేను?

డిసెంబరు 9

నాకు ఇన్నాళ్ళూ తట్టనేలేదు. నా గురించి చెడ్డగా చెప్పే మనిషి కావాలి, అంతే కదా. నాయనమ్మ ఉండగా ఊరంతా వెతకడమెందుకు? నేను పుట్టినప్పటి నుంచి మా నాయనమ్మ రాజమ్మగారికి వేరే కాలక్షేపం లేదు.

వత్తులు చేసుకుంటుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. కళ్ళు కాదు, ఫలానా డాక్టరు, ఫలానా జబ్బు, ప్రైవేటు సంగతి, అమ్మానాన్న అక్కడ చెప్పిన అబద్ధాలు. పిచ్చి డాక్టరా అని గుండెలు బాదుకుంటుందనుకున్నాను. ఆవిడ వత్తి పక్కన పెట్టింది. కోపం వచ్చింది, కానీ నేననుకున్న చోట కాదు.

"నీ సంగతులు చెప్పడానికి ఆ ఇద్దరూ వెళ్ళారా? నన్ను వదిలేసా? నీ గురించి వాళ్ళకేం తెలుసే?"

నాన్నకి అప్పటికప్పుడు ఫోన్ చేసింది. నాన్న ఏదో అనబోతే, నోర్ముయ్యరా అని పెట్టేసింది.

డిసెంబరు 14

వెళ్ళొచ్చాం. ఇప్పుడు రాయను.

డిసెంబరు 16

ఇవాళ రాస్తాను.

నాన్న షాపులో సరుకు దిగుతుందని తప్పించుకున్నాడు. నాయనమ్మ, అమ్మ, నేను వెళ్ళాం. నాయనమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, డాక్టరు గారి ఎదురు కుర్చీలో తనకోసమే వేసినట్టు కూర్చుంది. ఆవిడ అడగడమే ఆలస్యం. కరివేపాకు తెమ్మని పంపితే కుక్కపిల్లతో వచ్చిందండీ, కరివేపాకూ లేదు, చెప్పులూ లేవు. పాండురంగస్వామి ఉత్సవంలో నా చెయ్యి విడిపించుకుని బూరాలవాడి వెనక బస్టాండు దాకా పోయిందండీ, అప్పటికి ఇంకా బళ్ళో వెయ్యలేదు. స్నానానికెళ్ళి మగ్గు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోతుందండీ, నీళ్ళు చల్లారిపోతాయి. ఎదుటివాళ్ళ మాట పూర్తవనివ్వదు. ఒకచోట కూర్చోబెడితే కాలు ఊపుతుంది, కాలు పట్టుకుంటే చెయ్యి ఊపుతుంది. డాక్టరు గారు గబగబా రాసుకుంటున్నారు. నా పరువు అంత సంతోషంగా ఎవరూ తియ్యలేదు. ఒక్కటీ అబద్ధం కాదు. నేను పారేసుకున్న ప్రతి వస్తువూ ఆవిడకి గుర్తుంది.

చివర్లో చెయ్యి అమ్మవైపు చూపించి, "అంతా తల్లి పోలికండీ. ఈవిడగారూ ఇంతే. పాలు, తాళాలు, పొయ్యి మీద మాడిన కూరలు. కాపరానికి వచ్చిన కాణ్ణించీ చూస్తున్నాను" అంది.

డాక్టరు గారు అమ్మవైపు తిరిగారు. మీరెంతవరకు చదువుకున్నారమ్మా అని మామూలుగా అడిగారు. నాకు తెలుసు ఏం చెబుతుందో. మనసులో నేనే ముందు అనేశాను.

"ఉప్పెన..." అని ఆగిపోయింది అమ్మ. చీర కొంగు చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"పదో క్లాసు మూడుసార్లు తప్పానండీ. ఉప్పెన వచ్చినప్పుడు నేను మూడో క్లాసు. మా బాబాయి పిల్లలిద్దరు పోయారండీ అందులో. బడి మళ్ళీ కట్టారు, మిగిలినవాళ్ళందరూ చదువుకున్నారు. పుస్తకం ముందు పెట్టుకుంటే నాకే నిలిచేది కాదు. మొద్దు అనేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో అడిగితే ఉప్పెన అని చెప్పాను. ఉప్పెన అంటే ఇంకెవరూ ఏమీ అడగరు కదండీ. ఆ పోయిన పిల్లల్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను."

తరవాత నావైపు చూడకుండానే అంది, "దీన్ని చూస్తుంటే నన్ను చూసుకున్నట్టే ఉండేదండీ. అందుకే ఆవేళ మీకన్నీ అబద్ధాలు చెప్పాను. మంచిదని చెబితే మంచిదైపోతుందేమో అనిపించింది."

ఇక్కడ నేను ఏదో ఒకటి వెక్కిరించాలి. నా వల్ల కావట్లేదు. ఆ టిఫిను క్యారేజీ సంగతి గుర్తొచ్చింది.

తరవాత నాకు పరీక్షలు పెట్టారు. బొమ్మలు కలపడం, అంకెలు తిరగేసి చెప్పడం, ఇంకా ఏవేవో, సాయంత్రం దాకా. చివరికి డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఉంది. తెలివికి లోటు లేదు, బద్ధకం కాదు, పెంపకం తప్పూ కాదు. మందు ఉంది, కొన్ని పద్ధతులున్నాయి, టైము పడుతుంది. ఉంది అన్న మాట విని అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ముందే తెలుసు కాబట్టి. కొంచెం ఏడ్చాను.

మీరూ ఒకసారి చూపించుకుంటారా అని అమ్మని అడిగారు డాక్టరు గారు. ఈ వయసులో నాకెందుకండీ అంది అమ్మ. బయటికొస్తూ కౌంటర్లో అమ్మాయిని, పెద్దవాళ్ళకి కూడా ఇవే టైమింగులా అని అడిగింది. నేను విననట్టు నిలబడ్డాను.

బస్సులో ముగ్గురం ఒకే సీటు. పామర్రు దాటేదాకా నాయనమ్మ నోరు విప్పలేదు, ఆవిడ జీవితంలో అదొక రికార్డు. అప్పుడు అమ్మతో అంది, "మూడో క్లాసులో బడి పోతే పదో క్లాసు ఎట్లా ఆగిందో నాకూ తెలుసులే ఇందిరా. పెళ్ళిచూపులప్పుడే లెక్క చూసుకున్నాను. ఉప్పెన అన్నావు, ఇంకేమడుగుతాం."

డిసెంబరు 18

నాన్న డాక్టరు కాగితానికి లామినేషన్ చేయించాడు. చేతిలో పెడితే జారిపోతోంది. దాన్ని పట్టుకుని స్కూలుకి వెళ్ళాం. కరస్పాండెంట్ గారు అటూ ఇటూ తిప్పి చూసి, మంచిదేనండీ, అయినా మా రిజల్ట్ సంగతి మేం చూసుకోవాలి కదా, ప్రైవేటుగా కట్టిస్తే మీకూ టెన్షన్ ఉండదు అన్నాడు. కాగితం తెమ్మన్నది ఆయనే. తెస్తామని అనుకోలేదు పాపం.

నాన్న సరేనండీ అనబోతున్నాడు. నాన్న సరేనండీ అనే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. అది వినగానే అమ్మ లేచి నిలబడింది.

"నన్నూ మూడోసారి ప్రైవేటుగానే కట్టించారండీ. తెలియని బడి, తెలియని పిల్లలు. పేపరు ఇవ్వకముందే లేచి వచ్చేశాను. మా అమ్మాయి మీ బడి పేరుతోనే రాస్తుంది. తప్పితే మీ బడిలోంచే తప్పుతుంది. కాదంటే కోనేరు సెంటర్లో మీ బ్యానరు కింద నిలబడి, ఏటా ఎంతమందిని ఇలా పంపిస్తున్నారో వచ్చేపోయేవాళ్ళకి చెప్తాను. నాకిక సిగ్గుపడే ఓపిక లేదండీ."

ఆయన మంచినీళ్ళు తాగాడు. నాన్న కుర్చీ అంచు మీదికి జరిగి, మా ఆవిడ చెప్పిందే నేనూ చెబుతున్నానండీ అన్నాడు. అప్పటికి నాన్న చెప్పింది ఏమీ లేదు. అయినా బాగుంది.

కడతామన్నారు. స్కూలు పేరుతోనే.

ఇంటిముందు రామలక్ష్మి గారు పొన్నగంటి కట్టతో నిలబడి ఉంది. పిల్ల కళ్ళెలా ఉన్నాయని అడిగింది. అమ్మ గేటు తీస్తూ, మామూలు గొంతుతో చెప్పింది. కళ్ళు కాదండీ, దీనికి చదువు మీద మనసు నిలవని జబ్బుంది, దానికి డాక్టరుకి చూపిస్తున్నాం, నాకూ అదే ఉన్నట్టుంది, నేనూ చూపించుకుంటాను అంది. రామలక్ష్మి గారు నన్నూ అమ్మనీ మార్చి మార్చి చూసింది. పొన్నగంటి కట్ట మాత్రం ఇచ్చే వెళ్ళింది.

జనవరి 21, 2007

మాత్రలు మొదలుపెట్టి కొన్నాళ్ళయింది. మొదట్లో ఆకలి చచ్చిపోయింది, ఇప్పుడు పరవాలేదు. ఏదో అద్భుతం జరుగుతుందనుకున్నాను, ఏమీ జరగలేదు. నిన్న ఒక లెక్క మొదలుపెట్టాను, చివరికొచ్చాను. మధ్యలో ఎక్కడికీ పోలేదు. అంతే. తలెత్తితే గోడ మీద మ్యాపులన్నీ అలాగే ఉన్నాయి. అప్పుడు కోపం వచ్చింది. మిగతావాళ్ళందరికీ ఇన్నేళ్ళూ ఇంత తేలిగ్గా ఉండేదా? వాళ్ళని చూపించేనా నాకు శ్రద్ధ లేదన్నారు?

అమ్మ నా పక్కన కూర్చుంటోంది, నేను చదువుతున్నంతసేపూ. నేను లేచి తిరిగితే తనూ లేచి తిరుగుతుంది. మళ్ళీ ఇద్దరం వచ్చి కూర్చుంటాం. నాయనమ్మ వీళ్ళకి వీళ్ళు సరిపోయారంటోంది. లేహ్యం మానలేదు.

ఫిబ్రవరి 17

ప్రీ ఫైనల్ లెక్కల్లో పాసయ్యాను. "చూశావా, శ్రద్ధ పెడితే వస్తుంది" అన్నారు సార్. పాత వాక్యానికి రెండో సగం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారో.

మార్చి, పరీక్షకి ముందురోజు

హాల్ టికెట్ మీద స్కూలు పేరు ఉంది. ఉందో లేదోనని మళ్ళీ మళ్ళీ చూశాను. దాని మీద నా ఫోటో కూడా ఉంది, బంగారు రంగు కళ్ళజోడుతో.

ఇవాళ హీనా చూసి చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. మొహంలో తేడా ఉంటే హాల్లో పట్టుకుంటారేమోనని నాన్నకి చెమటలు పట్టాయి. రేపటికి పెట్టుకునే వెళ్ళు, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. పెట్టుకోవాలంటే అది ఎక్కడుందో తెలియాలి కదా. డిసెంబరు నుంచి ఎవరూ చూడలేదు. నేనే పారేశానని నాన్న, నాయనమ్మ, నేను కూడా ఒప్పేసుకుని ఇల్లంతా వెతికాం.

బియ్యం డబ్బాలో దొరికింది. అమ్మ పెట్టింది. ఎందుకు పెట్టిందో అమ్మకి తెలీదు. నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. నాయనమ్మ కూడా నవ్వింది, నవ్వడం లేదని చెబుతూ.

తరవాత అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, నాన్న చేతిలో పెట్టింది. "ఇది పెట్టుకుని వెళ్ళదండీ" అంది. నాతో, "ఎవరైనా అడిగితే, అప్పుడు మా వాళ్ళు సిగ్గుపడ్డారండీ, ఇప్పుడు పడట్లేదు అని చెప్పు" అంది.

పరీక్ష హాల్లో అంత డైలాగు ఎవరు చెబుతారు? మా అమ్మకి ఏదీ తిన్నగా తెలీదు. అయినా చెబుతాను.

రేపు తెలుగు మొదటి పేపరు. వెనక పేజీ చూడాలి.